గడప మీద పెట్టిన పాదం

పంతొమ్మిది వందల ఎనభై ఆరవ సంవత్సరం, జూలై నెల ఏడవ తేదీ, సోమవారం ఉదయం ఈ ఆసుపత్రిలో సహాయక లిఫ్టు చోదకులుగా విధుల్లో చేరి, ఈ నెలాఖరున అదే భవనం నుంచి, ‘సహాయక’ అన్న ఒక్క విశేషణాన్ని మాత్రమే దారిలో వదిలించుకుని పదవీ విరమణ చేస్తున్న మన లిఫ్టుమ్యాన్ గారిని, అనగా మనమందరం అసలు పేరు ఏనాడో మరిచిపోయి ‘రసమట్టం గారు’ అని పిలుచుకునే పెద్దమనిషిని అభినందిస్తూ నాలుగు మాటలు రాసే బాధ్యత శస్త్రచికిత్సల వార్డు పెద్ద నర్సు మీద పడింది. ఆ నాలుగు మాటలే ఇవి.

ఇటువంటి వ్యాసాలకు ఒక సంప్రదాయం ఉంది. పొందిన పదోన్నతులను, తిరిగిన ఊళ్లను, అందుకున్న ప్రశంసాపత్రాలను వరుసగా పేర్చి, చివర ఒక ఆశీర్వచనం పలికి చేతులు దులుపుకోవాలి. రసమట్టం గారి విషయంలో ఆ సంప్రదాయం మొదటి మెట్టు మీదే చతికిలపడుతుంది. పదోన్నతి సంగతి పైనే చెప్పుకున్నాం. బదిలీ ఒక్కటే జరిగింది, అదీ చేరిన కొత్తలోనే: సందర్శకుల లిఫ్టు నుంచి స్ట్రెచర్ల లిఫ్టుకు, అంటే ఎడమ తలుపు నుంచి కుడి తలుపుకు. యాజమాన్యం నుంచి లిఖితపూర్వకంగా లభించిన గుర్తింపు కూడా ఒక్కటే, అది మెమో. దాని ముచ్చట ముందు ముందు వస్తుంది.

ఏం రాయాలో పాలుపోక పెద్ద నర్సు నేరుగా ఆయన్నే అడిగింది. కొత్త లిఫ్టులో మూల స్టూలు మీద కూర్చుని, ఎవరికి వారే నొక్కుకోగలిగిన మీటలను మర్యాదకొద్దీ వారి తరఫున నొక్కుతూ, ఆయన తల కూడా ఎత్తకుండా జవాబిచ్చారు.

“ఏముంది సిస్టర్ రాయడానికి? పైకెళ్లాను, కిందికొచ్చాను. అంతేగా.”

“అంతేనా అన్నయ్యా? ఇన్నేళ్లకీ అంతేనా?”

“ఇంకేం ఉంటుంది? అబద్ధాలు మాత్రం రాయకండి. ఉన్నది రాయండి. ఏమీ లేకపోతే ఏమీ లేదనే రాయండి. సభకి మాత్రం నేను రాను, ముందే చెప్తున్నా.”

ఆయన సభకు రాననడం వినయం వల్ల కాదు. వినయం ఎలా ఉంటుందో ఇలాంటి సభల్లో మనం చాలాసార్లు చూశాం, అది రెండుసార్లు బతిమాలగానే వచ్చి ముందు వరుసలో కూర్చుంటుంది. మూడేళ్ల కిందట ఒక ఉదయం జరిగిన దానితో తన ఉద్యోగ జీవితమంతా వృథా అయిపోయిందని ఆయన గట్టిగా నమ్ముతున్నారు, ఆ నమ్మకాన్నే మూట గట్టుకుని ఇంటికి వెళ్లిపోబోతున్నారు. ఆయన్ను అలా వెళ్లనివ్వకూడదన్నది ఈ వ్యాసం ఉద్దేశం. అబద్ధం రాయకూడదన్నది ఆయన పెట్టిన షరతు. ఈ రెండింటికీ పొత్తు కుదురుతుందో లేదో చదివినవారే తేల్చాలి.

ఈమధ్య చేరిన ఉద్యోగులకు పాత లిఫ్టు గురించి కొంత చెప్పక తప్పదు. దానికి మీటలు లేవు, అంకెలు లేవు, అంతస్తు వచ్చిందని చెప్పే తీయని గొంతు అసలే లేదు. ఒక ఇనుప పెట్టె, దానికో మడత గేటు, గోడకు ఇత్తడి హ్యాండిల్. హ్యాండిల్ కుడికి తిప్పితే పైకి, ఎడమకు తిప్పితే కిందికి, మధ్యకు తెచ్చి వదిలితే ఆగుతుంది. ఎక్కడ ఆగాలో దానికి తెలియదు, నడిపే మనిషికి తెలియాలి. పెట్టె ఖాళీగా ఉంటే ఒక చోట వదలాలి, నిండుగా ఉంటే ఇంకో చోట వదలాలి, వానాకాలంలో బ్రేకు చెమ్మగిల్లితే ఆ లెక్కలన్నీ పక్కన పెట్టి మరో చోట వదలాలి. ఆయనకు పని నేర్పిన పాత లిఫ్టుమ్యాన్ దాన్ని రెండు ముక్కల్లో తేల్చేశారట: “రెండు వేళ్లు అటూ ఇటూ అయినా ఏం కాదయ్యా, జనానికి కళ్లున్నాయి, చూసుకుని దిగుతారు.” నిలబడి వచ్చేవారికి కళ్లున్న మాట నిజమే. పడుకుని వచ్చేవారికి మాత్రం లిఫ్టు పైకప్పు తప్ప మరేమీ కనిపించదు.

ఆ తేడా ఆయనకు చేరిన ఏడాది తిరక్కుండానే తెలిసివచ్చింది. కట్టుబడి పరంజా మీద నుంచి పడి వెన్ను విరిగిన ఒక తాపీ మేస్త్రిని థియేటరుకు తీసుకువెళుతున్నారు. మూడో అంతస్తులో లిఫ్టు రెండు వేళ్ల కింద ఆగింది. స్ట్రెచర్ ముందు చక్రం గడపకు కొట్టుకుంది. ఆ మేస్త్రి వేసిన కేకను రసమట్టం గారు ఎన్నడూ అనుకరించి చూపలేదు, వర్ణించనూ లేదు. “ఒక అరుపు అరిచాడు సిస్టర్” అని మాత్రం ఒకసారి అన్నారు, అని మాట మార్చారు. రెండు రోజులకు మేస్త్రి పోయాడు. అప్పటి సర్జన్ గారు లిఫ్టులోనే ఆయన భుజం తట్టి, “నీ వల్ల కాదయ్యా, ఆ వెన్ను అప్పటికే పోయింది, పోయి నీ పని చూసుకో” అన్నారు. నిజం చెప్పారో, కుర్రవాడు బెంగ పెట్టుకుంటాడని అలా అన్నారో తెలియదు. సర్జన్ గారూ ఇప్పుడు లేరు. ఆ అనుమానం తీర్చగలిగినవారు ఇద్దరే, ఆ ఇద్దరూ దాన్ని ఈయన దగ్గరే వదిలేసి వెళ్లిపోయారు.

పని చూసుకోమన్నారు గనుక ఆయన పని చూసుకున్నారు. ఇనుప సామాన్ల దుకాణంలో తాపీవాళ్లు వాడే రసమట్టం ఒకటి కొనుక్కొచ్చారు. మధ్యాహ్నం రద్దీ తగ్గగానే లాండ్రీ నుంచి మాసిన దుప్పట్ల మూటలు అరువు తెచ్చి, ఒకసారి రెండు, ఒకసారి ఆరు, ఒకసారి పెట్టెనిండా కుక్కి, ప్రతి అంతస్తులోనూ ఆపి, గడప మీద సగమూ లిఫ్టు నేల మీద సగమూ ఉండేలా ఆ మట్టం పెట్టి, బుడగ నడిమధ్యకు వచ్చేదాకా సాధన చేశారు.

“నా మూటలకేమైనా రోగమా, పొద్దస్తమానం పైకీ కిందికీ తిప్పుతున్నావ్?” అని లాండ్రీ ఆవిడ నడుం మీద చేయి వేసుకుని దెబ్బలాడేది.

“రోగం నా చేతికి వదినా, మూటలకి కాదు” అనేవారాయన.

ఆసుపత్రి అంతా నవ్వింది, పేరు పెట్టింది. కొన్ని నెలలకు మట్టం అవసరం తీరిపోయింది, పేరు మాత్రం మిగిలిపోయింది. మట్టం స్థానంలోకి ఆయన కుడిపాదం వచ్చింది. లిఫ్టు ఆపడం, గేటు తీయడం, గడప మీద సగమూ లోపల సగమూ ఆనేలా పాదం పెట్టి ఒక్క క్షణం ఆగడం, ఆ తరువాతే “రండి” అనడం. గుండెనొప్పితో వచ్చినవారి బంధువులు ఆ ఒక్క క్షణానికే ఆయన్ను నానా మాటలూ అన్నారు. ఆయన మాటలు పడ్డారు గాని, పాదం తీయలేదు.

ఈ అలవాటు ఇంటిదాకా వెళ్లింది. కుట్టుమిషను మీద నలుగురి బట్టలూ కుట్టి ఇంటికి చేదోడుగా నిలిచిన ఆయన శ్రీమతి గారు, భర్త వంటింటి గడప దగ్గర కూడా పాదం ఆనించి ఆగడం చూసి, “ఇది ఇల్లండీ, ఎక్కడికీ కదలదు, ధైర్యంగా దిగండి” అనేవారు. మరో మాట కూడా అనేవారు: “పొద్దున లేచింది మొదలు ప్రయాణమే, తీరా చూస్తే ఎక్కిన చోటే దిగుతారు.” వారి ఏకైక కుమార్తె, ఇప్పుడు బ్యాంకు ఉద్యోగి, చిన్నప్పుడు స్కూల్లో మా నాన్న ఆసుపత్రిలో ‘ఆపరేటర్’ అని చెప్పేదట. ఆపరేషన్లు చేసే ఆయన అనుకుని టీచర్లు కాస్త గౌరవంగా చూసేవారట. అమ్మాయి ఆ అపోహను తొలగించే ప్రయత్నం ఎన్నడూ చేయలేదని వాళ్లమ్మగారు వార్డులో అందరికీ చెప్పి నవ్వించేవారు.

ఆయన దినచర్యను యథాతథంగా రాస్తే ఇలా ఉంటుంది. ఉదయం అందరికంటే ముందు వచ్చి, హ్యాండిల్ తుడిచి, ఖాళీ పెట్టెతో ప్రతి అంతస్తూ ఒకసారి తిరిగి, పాదం పెట్టి చూసుకుని, సెల్లారులో మొదలుపెట్టేవారు. సెల్లారులో లాండ్రీ, దాని పక్కన స్టోరు, చివర శవాగారం. మొదటి అంతస్తులో ప్రసూతి, రెండులో వార్డులు, మూడులో థియేటరు. మనిషి ఈ లోకంలోకి వచ్చే అంతస్తుకూ, పోయే అంతస్తుకూ మధ్య ఆయన రోజంతా నిలబడి ఉండేవారు. ముఖం ఎప్పుడూ హ్యాండిల్ ఉన్న గోడవైపే. అది పొగరు అనుకున్నవాళ్లూ ఉన్నారు. లిఫ్టులో ఏడ్చేవారికి ఎవరూ చూడని చోటు కావాలని, ఆ ఇరుకు పెట్టెలో తన వీపు తప్ప ఇవ్వగలిగింది లేదని ఆయన లెక్క. ఎక్కినవారు అంతస్తు చెప్పకపోతే ఆయన అడిగేవారు కారు. ఏదో కబురు విన్నవారే అలా ఎక్కుతారని ఆయనకు తెలుసు. అలాంటివారిని వీధి గుమ్మమున్న కింది అంతస్తుకు తీసుకువచ్చి, గేటు తీసి, గోడవైపు తిరిగి, వారంతట వారు దిగేదాకా నిలబడేవారు. పైనుంచి గంటలు మోగుతుండేవి, మోగనిచ్చేవారు.

మెమో కథ ఇక్కడిదే. ప్రసూతి అంతస్తులో ఒక తండ్రి ఆనందం పట్టలేక ఎగురుకుంటూ లిఫ్టు దగ్గరికి వచ్చాడు. లోపల అప్పటికే ఒకావిడ ఉంది, పై అంతస్తు నుంచి ఒంటరిగా దిగుతోంది, అంతస్తు చెప్పలేదు. రసమట్టం గారు ఆ తండ్రితో “ఒక్క నిమిషం బాబూ, ఇప్పుడే వస్తా” అని అతని ముఖం మీదే గేటు వేసి ఆవిడను కిందికి తీసుకువెళ్లిపోయారు. ఖాళీ ఉండి కూడా ఎక్కించుకోలేదని అతను పైవాళ్లకు ఫిర్యాదు చేశాడు. సంజాయిషీ అడిగితే రసమట్టం గారు నీళ్లు నమిలారే తప్ప సంగతి చెప్పలేదు. చెబితే ఆవిడ సంగతి చెప్పాలి, అది ఆయన నోటి నుంచి రాదు. మెమో పుచ్చుకున్నారు, జేబులో పెట్టుకున్నారు, ఆ తరువాత కూడా సంతోషంగా ఉన్నవారినే ఆగమన్నారు.

సంవత్సరాలు అలాగే దొర్లిపోయాయి. అంటురోగం ఊరిని పట్టిన ఆ పాడు రోజుల్లో లిఫ్టు పైకి వెళ్లింది తక్కువ, సెల్లారుకు దిగింది ఎక్కువ. ఒక్కో రోజు స్ట్రెచర్ వెంట రావడానికి సొంతవాళ్లు కూడా ఉండేవారు కారు. స్ట్రెచర్లు తోసేవాళ్లలో మనమందరం ‘పొడుగాయన’ అని పిలిచే ఆయన ఒకరోజు అలసిపోయి విసుక్కున్నాడు.

“పోయినోళ్లకి కుదుపేంటన్నా? పాదాలు, మట్టాలు, ఇవన్నీ ఎవరికోసం? తోసేద్దాం పద.”

“నీకు తెలుసా వాళ్లకి తెలియదని? నాకు తెలీదు. తెలిసేదాకా ఇలాగే” అన్నారట రసమట్టం గారు, పాదం గడప మీద పెట్టి. పొడుగాయన గొణుక్కుంటూనే ఆగాడు.

ఇక ఆ ఉదయం. శ్రీమతి గారికి కడుపులో పుండు ముదిరి, ఆపరేషను చేసి కూడా ప్రయోజనం లేక, రెండో అంతస్తు వార్డులో నెలకు పైగా ఉన్నారు. ఆయన సెలవు పెట్టలేదు. పెడతానంటే ఆవిడే వద్దన్నారు. “ఇక్కడ కూర్చుని నా ముఖం చూసి ఏం చేస్తారు? లిఫ్టు చప్పుడు వినబడుతోందిగా, మీరు ఉన్నారని తెలుస్తోంది” అన్నారు. ఆ రోజు ఆయన ఆక్సిజన్ సిలిండర్లు థియేటరుకు చేర్చి దిగుతున్నారు. రెండో అంతస్తులో గంట మోగింది. పెద్ద నర్సు ఎక్కింది. ఎన్నో ఇళ్ల కబుర్లు ఎన్నో సార్లు చెప్పిన మనిషే, ఆ రోజు మాత్రం అంతస్తు చెప్పలేదు.

రసమట్టం గారు గేటు వేసి, కింది అంతస్తుకు తెచ్చి, గేటు తీసి, గోడవైపు తిరిగి నిలబడ్డారు. ఆమె దిగలేదు. వెనక్కి తిరగకుండానే ఆయన అడిగారు.

“ఇప్పుడేనా సిస్టర్?”

“ఇప్పుడే అన్నయ్యా. నిద్రలోనే. బాధ పడలేదు.”

ఆయన తల ఊపారు. హ్యాండిల్ మీద చేయి తీయలేదు. రెండో లిఫ్టుమ్యాన్ పరుగున వచ్చి తాను నడుపుతానన్నాడు, సూపరింటెండెంటు గారు స్వయంగా వచ్చి వెళ్లి కూర్చోమన్నారు. “వీడి చెయ్యి ఇంకా కుదరలేదు సార్, గడప కొడుతుంది, నేనే దింపుకుంటాను” అన్నారు. కాదనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

రెండో అంతస్తులో, పొడుగాయనా మరొకరూ పెద్ద నర్సూ వెంట రాగా, స్ట్రెచర్ లోపలికి వచ్చింది. సెల్లారుకు దిగుతుండగా ఆయన హ్యాండిల్ వదిలారు. లిఫ్టు నాలుగు వేళ్ల కింద ఆగింది. గేటు తీసి పాదం పెట్టారు, పాదానికి తెలిసింది. గేటు వేసి పైకి తెచ్చారు, గడప దాటి పోయింది. మళ్లీ దింపారు, మళ్లీ అదే నాలుగు వేళ్లు. ఆ చేతికి గడప అలా అందకపోవడం మేమెవరం అంతకుముందు చూడలేదు.

“రావట్లేదు సిస్టర్,” అన్నారు. “రావట్లేదు.”

అని గోడవైపు తిరిగి, నుదురు ఆ ఇనుప గోడకు ఆనించి ఉండిపోయారు. స్ట్రెచర్ ఎలాగో బయటికి వెళ్లింది. ఆయనకు తెలిసింది అంతవరకే. మూడేళ్లుగా ఆయన చెప్పేదీ అంతే: “ఊళ్లో అందరినీ కుదుపు లేకుండా దించాను. దాన్ని దించలేకపోయాను. ఇంక నేను చేసిందేమిటి?” ఓదార్పు మాటలు చాలా ఉన్నాయి, ఆయనకు అవి పనికిరావు. సర్జన్ గారి ఓదార్పుతో ఆయన ఒక జీవితకాలం వేగారు, రెండోది వద్దు.

కాబట్టి గోడవైపు తిరిగిన మనిషికి కనబడనిది ఏమిటో, ఆ రోజు అక్కడ ఉన్న పెద్ద నర్సు ఉన్నది ఉన్నట్టు రాస్తోంది. ఆయన పాదం తీయగానే పొడుగాయన తన పాదం తెచ్చి అక్కడ పెట్టాడు. సగం గడప మీద, సగం లోపల. ఒక్క క్షణం ఆగాడు. “నాలుగు వేళ్లుంది, చక్రాలు వద్దు, ఎత్తుదాం” అన్నాడు, గుసగుసగా. ఎవరూ ఎవరినీ పిలవలేదు. లాండ్రీ ఆవిడ, ఒకప్పుడు మూటల కోసం దెబ్బలాడిన ఆ ముసలావిడే, చేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చి అవతలి వైపు పట్టుకుంది. బయట ఆమే పొడుగాయనా, లోపల ఇంకో స్ట్రెచర్ మనిషీ పెద్ద నర్సూ. నలుగురూ స్ట్రెచర్‌ను చక్రాలతో సహా ఎత్తి, గడప దాటించి, అవతల నేల మీద దించారు. చక్రాలు నేలకు ఆనినప్పుడు చప్పుడు కాలేదు. దుప్పటి అంచు కూడా కదల్లేదు. పోయినోళ్లకి కుదుపేంటని అడిగిన మనిషి చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, చేతులు మాత్రం వణకలేదు.

ఈ పెద్ద నర్సు నాలుగు ఆసుపత్రుల్లో పని చేసింది. గడప దగ్గర చక్రం అడ్డుపడితే ఎక్కడైనా ఏం చేస్తారో ఆమెకు తెలుసు. కాస్త వెనక్కి లాగి, గట్టిగా తోస్తారు. అందులో క్రూరత్వం ఏమీ లేదు, పని త్వరగా కావాలంతే. ఆ ఉదయం సెల్లారులో అలా జరగకపోవడానికి కారణం ఏ ఉత్తర్వూ కాదు, ఏ శిక్షణా కాదు. రోజూ అదే గడప మీద, అదే పాదాన్ని, విసుక్కుంటూనే చూసి చూసి, ఆ పని ఇలాగే చేయాలి కాబోలు అనుకోవడమే. శ్రీమతి గారిని దించింది మేమే గాని, మా చేతుల్లో ఉన్న నేర్పు ఆయనదే.

ఇంతకంటే పెద్ద ఊరట ఈ వ్యాసంలో లేదు. పోయినవారు రారు. ఇంట్లో గడప దగ్గర ఆగితే నవ్వేవారు లేరు. కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉంది. ఆయన వెళ్లాక లిఫ్టుమ్యాన్ పదవినే రద్దు చేస్తున్నట్టు కబురు వచ్చింది, మూల స్టూలు స్టోరుకు పోతుంది. కొత్త లిఫ్టు వెంట్రుకవాసి తేడా లేకుండా తనంతట తానే ఆగుతుంది, దానికి ఎవరి పాదమూ అక్కర్లేదు. అయినా మొన్న, పాత లిఫ్టు మొహం కూడా ఎరగని, కొత్తగా చేరిన థియేటరు నర్సు ఒకామె స్ట్రెచర్ రాగానే తలుపు దగ్గర పాదం పెట్టి ఆగడం కనిపించింది. ఎందుకలా అని అడిగితే ఆమె తెల్లబోయి చూసింది.

“ఏమో మేడమ్. ఇక్కడ అందరూ ఇలాగే చేస్తారుగా?” అంది.

ఉన్నది రాయమన్నారు, రాశాం. సభకు వారు వస్తే సంతోషం. రాకపోతే ఈ పుటను వారి కుమార్తె చదివి వినిపిస్తుందని మాట ఇచ్చింది. ఇకపై ఆయన ఎక్కిన చోటే దిగని ప్రయాణాలు కొన్ని చేయాలని, కూతురి ఇంట కంటినిండా నిద్రపోవాలని, మోకాళ్లూ కళ్లూ ఆ కుడిపాదమూ చిరకాలం చెప్పిన మాట వినాలని, సంపూర్ణ ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని సిబ్బంది అందరి తరఫునా మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాం. ఈ ఆసుపత్రికి ఆయన ఎప్పుడు వచ్చినా తన కాళ్ల మీద నడిచి, మమ్మల్ని పలకరించడానికే రావాలి. మనుషులం గనుక ఎప్పుడో ఒక రోజు ఎవరమైనా పడుకునే రావలసి ఉంటుంది. ఆ రోజు ఎంత దూరంలో ఉంటే అంత మంచిది. వచ్చిన రోజున మాత్రం, మీరు పైకప్పు చూస్తూ ఉండండి చాలు, గడప మేం చూసుకుంటాం. కుదుపు తెలియనివ్వం, అన్నయ్యా.